ఏడు గంటల సాయంత్రము ఎవరిది?

శ్రావణము వెళ్లి భాద్రపదము తొంగిచూచుటతోడనే క్యాంపు రెండులోని సర్క్యులర్ మార్కెట్టు గోడలపైనను, పవర్‌హౌస్ స్టేషను దిక్కునకు పోవు దారిలోని కరెంటు స్తంభములపైనను కాగితములు చిగుర్చుట మొదలిడును. వినాయకచవితి పందిళ్లు మొదలుకొని ఉగాది కవిసమ్మేళనము వరకు జరుగబోవు హరికథలు, పౌరాణిక నాటకములు, బాలికల కూచిపూడి నృత్యములు, కోలాటములు, పాటకచేరీలు, వీని ప్రకటనలు కొన్ని తెలుగున, కొన్ని హిందీలో, రెండును కలగాపులగమై మరికొన్ని, నిన్నటిదానిపై నేటిది యంటింపబడి నెలల తరబడి మనలను పిలుచుచుండును. కళల పేర్లు మారును, సమాజముల పేర్లు మారును, అతిథుల బిరుదములు మారును. మారనిది మాత్రము అడుగున నుండు ఒక్క పంక్తి: సాయంత్రము 7 గంటలకు. ఈ పంక్తిని వ్రాయువారు ఎవరికిని కీడు తలపెట్టినవారు కారు. తాతలనాటి కరపత్రమునందు అట్లున్నది గనుక వీరును అట్లే వ్రాసిరి. కాని ఏడు గంటలు ఎవరికి సాయంత్రమో, ఎవరికి పనివేళయో, ఎవరికి నిద్రవేళయో విచారింపకుండ కార్యక్రమమును నిర్ణయించుట ఏ ఊరనైన చెల్లునేమో గాని, భిలాయిలో చెల్లదు.

ఏలయన, ఈ ఊరి దినమును విభజించువాడు సూర్యుడు కాడు. ఒకసారి వెలిగించిన బ్లాస్ట్ ఫర్నేసు ఏండ్ల తరబడి ఆరక మండవలయును. ఇనుము కరిగి పారుచుండగా మనుష్యుడు పోయి పరుండుటకు వీలులేదు. కావున ఉదయము 6 గంటలనుండి మధ్యాహ్నము 2 వరకు ఏ షిఫ్టు, అచ్చటినుండి రాత్రి 10 వరకు బి షిఫ్టు, అచ్చటినుండి మరల ఉదయము 6 వరకు సి షిఫ్టు, అనగా మనవాండ్రు నైటు డ్యూటీ యనునది, ఈ మూడును ఒకదాని మడమలు తొక్కుచు నొకటి నడచుచుండును. బి షిఫ్టువాడు తెర లేచునప్పటికి కొలిమి యెదుట నుండును. తెర వ్రాలునప్పటికి గేటువద్ద సైకిలు తాళము తీయుచుండును. సి షిఫ్టువాడు ఏడింటికి వచ్చి కూర్చున్నను తొమ్మిదికే లేవవలయును గనుక, రాయబారమును చూచి యుద్ధమును చూడకయే పోవును. ఏ షిఫ్టువాడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచినవాడు, ఎనిమిది గంటలకే తల వ్రాల్చి కునుకు తీయును. వానిని చూచి గాయకుడు తన గానమునందేమి లోపము కలిగెనో యని కలత చెందును. ఇక మిగిలినవారు జనరల్ షిఫ్టు ఆఫీసు ఉద్యోగులు, దుకాణదారులు, రిటైరయిన పెద్దలు. వీరు రసికులు కారని నే నెన్నడును అనను. కాని వీరికొరకే నాటకమాడి, ‘ఈ కాలమున కార్మికులకు కళలయందు అభిరుచి నశించిన’దని వేదికపైనుండి వాపోవుటయే సహింపరానిది. అభిరుచి నశింపలేదు, డ్యూటీలో నున్నది.

క్యాంపు యను పేరే చెప్పుచున్నట్లు ఇది తాత్కాలిక నివాసముగా పుట్టినది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరిన పిమ్మట, దుర్గ్ జిల్లాలోని ఈ ఎర్రనేలపై కార్ఖానా లేచుటకు వేలకొలది చేతులు కావలసివచ్చెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించునాటికి ఆ చేతులలో తెలుగు చేతులును లెక్కకు మించి యుండెను. స్వాతంత్ర్యమునకు పూర్వమే బెంగాల్ నాగపూర్ రైల్వేవారు రాయపూరునుండి విజయనగరమునకు వేసిన రైలుదారియే శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల పల్లెలను ఈ కొలిమితో ముడివేసినది. ఆ దారిని వచ్చినవారు మూటలలో ఏమి తెచ్చుకొనిరో ఎవరును జాబితా వ్రాసి యుండలేదు; కాని ఒక పడుగుపంచె, ఒక ఇత్తడి చెంబు, ఒక గ్రామదేవత పటము, వీనితోపాటు మెడలో తప్పెటయు, గొంతులో పద్యమును తెచ్చుకొన్నవారు పెక్కుమంది యనుటకు వారి మనుమలే నేటికిని సాక్ష్యము. తరువాత కట్టవలసిన కార్ఖానా కట్టుట ముగిసినది. తాత్కాలికముగా వెలసిన క్యాంపు మాత్రము శాశ్వతమైనది.

రైలుకట్టకు ఆవల కార్ఖానావారు తీర్చిన సెక్టార్లు, వాని నీడలుగల వీథులు, క్వార్టర్లు. సివిక్ సెంటరులో మహాత్మాగాంధీ కళామందిరము, సెక్టారు ఒకటిలో నెహ్రూ సాంస్కృతిక సదనము. సెక్టారు అయిదులో ఆంధ్ర సాహిత్య సమితివారి బాలాజీ మందిరము తెలుగువారికి దేవాలయమును, సభాస్థలమును రెండును. కట్టకు ఈవల మనకు గల రంగస్థలము పందిరి. పందిరిని తక్కువచేసి మాటాడుట నా యుద్దేశము కాదు. తెలుగునాటకము పందిరిలోనే పెరిగినది. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున ఒక వివాహసందర్భమున కీచకవధ ఆడి తమ నాటక వంశమునకు శ్రీకారము చుట్టిన వనారస వారును పాలరాతి మందిరమును చూచుకొని ఆడలేదు. కాని పందిరికి గోడలు లేవు. గోడలు లేకపోవుటయే ఇప్పుడు మన చిక్కునకు మూలము.

పూర్వము ఈ చిక్కు లేకుండుటకు కారణమొక్కటే, నాటకము తెల్లవార్లు ఆడుట. రాత్రి తొమ్మిదికి హార్మోనియము మీద ప్రార్థన మొదలైనచో సూర్యోదయమునకు మంగళహారతి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగమున పడకసీను పది గంటల ప్రాంతమున పడును. బి షిఫ్టు దిగినవాడు ఇంటికి పోయి, మొగము కడుగుకొని, అన్నము తిని, చాప చంకన బెట్టుకొని వచ్చినను రాయబారమునకు అందుకొనును. ఇరుగుపొరుగున ఛత్తీస్‌గఢీవారి నాచాయు సరిగా ఇట్టిదే. పొలము గట్టున గాని చావడి ముంగిట గాని దీపము పెట్టి, పురుషులే స్త్రీవేషములు ధరించి, నడుమ నడుమ జోకరు చొచ్చి షావుకారును, దరోగాను పరిహసించుచుండగా కోడి కూయువరకు సాగును. హబీబ్ తన్వీర్ ఈ నాచా కళాకారులనే చేరదీసి 1975లో చరణదాస్ చోర్ ఆడించి, 1982లో ఎడింబరో నాటకోత్సవమున బహుమానము పొందెను. లోకము మెచ్చిన ఆ నటులు రాత్రి యంతయు తమదే యన్న ధీమాతో నేర్చినవారు. ఆ ధీమా యుండబట్టియే వారి హాస్యమునకు తొందర లేదు.

ఆ ధీమా ఇప్పుడు లేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10నుండి ఉదయము 6 వరకు లౌడుస్పీకరును నిషేధించినవి. 2005 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఆ నిషేధమునకు బలము చేకూర్చినది. పది గంటలకు మైకు కట్టివేయవలయును. బి షిఫ్టు గేటు తెరచుకొనునదియు సరిగా పది గంటలకే! శాసనకర్తలు భిలాయిని మనసున నుంచుకొని వ్రాసిరని చెప్పజాలము గాని, వ్రాసినచో ఇంతకన్న నిక్కచ్చిగా వ్రాయలేకుందురు.

నేనీ నిబంధనను నిందించువాడను కాను. రోగులున్నారు, పరీక్షలకు చదువు పిల్లలున్నారు, నాలుగున్నరకు లేవవలసిన ఏ షిఫ్టువాడున్నాడు. వాని నిద్రను హరించి ఇంకొకనికి వినోదము కల్పించుట న్యాయము కాదు. పర్వదినములందు అర్ధరాత్రి వరకు సడలించుటకు రాష్ట్రప్రభుత్వమునకు అధికారము కలదు, కాని అది ఏడాదికి 15 దినములను మించరాదు. ఆ పదునైదింటిని గణపతియు దుర్గయు పంచుకొందురు, సాహిత్యమునకు మిగిలి వచ్చునదేమియు లేదు. అయితే అదే నిబంధన మరియొక మాటయు చెప్పుచున్నది. నాలుగు గోడల నడుమ, తలుపులు మూసిన సభాభవనములో, శబ్దము లోపలనే యుండునట్లు చేసికొన్నచో నిషేధము వర్తింపదు. అనగా, నాటకమునకు కావలసినది రాత్రి కాదు, గోడ. కట్టకు ఆవల నున్న మందిరములను నెలకొక్క రాత్రియైన పదిన్నరకు మొదలగు ఆటకై అడిగి తీసికొన్న సమాజము నాకు కనబడలేదు. అడిగినచో కాదందురో, ఔనందురో అడిగినగాని తేలదు.

మైకు లేనిచో కళ యెట్లని యడుగువారికి నేను చెప్పవలసినది కొంచెము దీర్ఘముగా కలదు, పాఠకులు ఓర్చుకొందురు గాక. మనము మైకునకు ముందే కళలు గలవారము. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గజ్జె కట్టి చిడతలు పట్టి హరికథ చెప్పిన కాలమున విజయనగరమున మైకు యుండెనా? 1919లో అచ్చట సంగీత కళాశాలను నెలకొల్పి ఆయనను అధ్యక్షునిగా కూర్చుండబెట్టిన మహారాజునకు ఆ గొంతే చాలినది. మన తాతలు రైలెక్కి వచ్చిన ప్రాంతముననే జముకుల కథ కలదు. జముకు యనునది అడుగున తోలు మూసిన చిన్న పాత్ర. ఆ తోలు నడుమనుండి వచ్చిన నరపుతీగను ఒక చేత బిగించి రెండవ చేత మీటినచో, తీగ బిగువును బట్టి అది గుంయ్‌మని మూల్గును, కుయ్‌మని ఏడ్చును, ఒక్కొక్కప్పుడు కథలోని దేవత నోటిమాటవలె ప్రశ్నించును. కథకుడు చరణము విడిచిన చోట వంతవాండ్రు అందుకొందురు. ఇరువది మంది కూర్చున్న వాకిటికి ఇంతకన్న నాదము అక్కరలేదు.

ఇప్పుడు పొరుగింటికి పొండు. భిలాయికి కూతవేటు దూరమున గనియారీ గ్రామమున పుట్టి, పదమూడవ యేట చంద్రఖురీలో పది రూపాయలకు తొలికథ చెప్పి, తరువాత ఈ కార్ఖానాలోనే ఉద్యోగమొనర్చిన తీజన్‌బాయి భారతకథాగానమగు పాండవానీని చూచినవారికి నేను చెప్పబోవునది క్రొత్త కాదు. చేతనున్న తంబూర భీముని పేరెత్తినంతనే గద యగును; అర్జునుని పేరెత్తినంతనే విల్లగును; ద్రౌపది వచ్చునప్పటికి అదియే ఈడ్వబడిన జుట్టు. ప్రక్కన కూర్చున్న రాగీ ప్రతి వాక్యాంతమునను ఊ కొట్టి, అనుమానించి, ‘ఆపైన?’ అని పొడిచి కథను ముందుకు త్రోయును. స్త్రీ కూర్చుండియే పాడవలయునన్న కట్టుబాటును త్రోసిపుచ్చి, పురుషులు నిలుచుండి చెప్పు కాపాలిక శైలిని ఆమె చేపట్టినది. 1987లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వెదకికొని వచ్చినవి. బుర్రకథలోని వంతను, జముకుల కథలోని వంతను ఎరిగిన మన ముసలివారి నొకసారి ఈ రాగీ యెదుట కూర్చుండబెట్టుడు. భాష సగమే తెలిసినను, ఎచ్చట ఊ కొట్టవలయునో వారికి నేర్పనక్కరలేదు. మహాభారతము ఉభయులదియు గదా.

అట్లే తప్పెటగుళ్లు, పంథీ. తప్పెటగుళ్లవారు గుండ్రని రేకు తప్పెటను రొమ్ముపై వ్రేలాడగట్టుకొని, కాళ్లకు గజ్జెలతో, కృష్ణలీలలు పాడుచు రెండు అరచేతులతో వాయించుచు ఎగురుదురు. వేగము హెచ్చిన కొలది పాట పలుచనై, తుదకు ఒకరి భుజములపై నొకరెక్కి గోపురము కట్టుదురు. గురుఘాసీదాసు బోధలను పాడు సత్నామీల పంథీలో మాందరును ఝాంఝును వాయించువారు వేరు, ఆడువారు వేరు. తెల్లధోవతులు, కాళ్ల గజ్జెలు. మెల్లగా మొదలై, గుండె దడవలె పెరిగి, వారును చివరకు భుజములపైకెక్కి గోపురమే కట్టుదురు. దేవదాస్ బంజారే ఆ పంథీని దేశదేశముల వేదికల కెక్కించెను. ఒకరిది యాదవుల భక్తి, ఒకరిది నిర్గుణ సత్యనామము, తత్త్వము వేరు. అయినను ఆ గోపురములో అట్టడుగున నిలిచినవాని కాలిపిక్క ఎట్లు వణకునో రెండింటను ఒక్కటే, చూడవలసినదియు అదియే. అయిదడుగుల ఎత్తు వేదికపై రంగుదీపముల నడుమ చూచువానికి అది కనబడదు. మట్టిలో, ఎదుట, మైకు లేక, వారి ఊపిరి వినబడునంత దగ్గర కూర్చున్నవానికే కనబడును. ఈ రెండు దళములను ఒకే సాయంత్రము, ఒకే వాకిట, ఒకదాని తరువాత నొకటి ఆడించు కార్యక్రమమేదైన ఈ యేడు కరపత్రములందు చేరినచో నేను రెండు మైళ్లయినను నడచి పోవుదును.

ఇందుకు తిథులును ముందే సిద్ధముగా కలవు. నవంబరు 1 ఉభయులకును పుట్టినదినము: 1956లో ఆంధ్రప్రదేశ్‌కు, 2000లో ఛత్తీస్‌గఢ్‌కు. డిసెంబరు 18 గురుఘాసీదాసు జయంతి. పుష్యపూర్ణిమనాడు ఛత్తీస్‌గఢీ పిల్లలు ఛేర్‌ఛేరా యనుచు ఇంటింట ధాన్య మడుగుదురు. ఇంచుమించు ఆ రోజులలోనే మన సంక్రాంతి హరిదాసు నెత్తిన పాత్రతో వీథులు తిరుగును. ఒక వీథిలో ఇద్దరును ఎదురుపడు దినమును ఏ కమిటీయు ఏర్పాటు చేయనక్కరలేదు, గుర్తించిన చాలును.

వేళల మాటకు మరల వచ్చెదను. ఉదయము పది గంటల ప్రదర్శన యన్నంతనే మనవారు నవ్వుదురు. పగటివేళ నాటకమా, దీపములేవి, తెరయేది యందురు. కాని సినిమావాడు మొదటినుండియు ఎవరికేది తీరికయో లెక్కవేసికొని మార్నింగ్ షో, మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో యని దినమును నాలుగు ముక్కలు చేసి టిక్కెట్లు అమ్మెను. బి షిఫ్టువాడు మార్నింగ్ షోకు పోయెను. ఏ షిఫ్టువాడు ఫస్ట్ షోకు పోయెను. మన సమాజములు మాత్రము ఒక్క వేళను పట్టుకొని వ్రేలాడి, ‘సినిమా వచ్చి నాటకమును మ్రింగెన’ని విలపించినవి. మ్రింగినది సినిమా కాదేమో, గడియారమేమో యని ఒక్కరైన విచారించిన పాపమున పోలేదు. పైగా షిఫ్టు వారము వారము మారుచుండును గనుక, ఒకే నాటకమును రెండు వారములలో రెండు వేళల నాడినచో, మూడు షిఫ్టులవారికిని ఏదో యొకటి అందును. నటులకు శ్రమ రెట్టింపు. కాని నెలల తరబడి సాధించిన పాత్రను ఒక్కసారి ఆడి మూలబెట్టుటకంటె రెండుసార్లు ఆడుటయే వారికిని ఇష్టము.

సాధన మాట యెత్తితిని గనుక దానిని గూర్చియు చెప్పవలయును. ఇచ్చట నాటకమాడువారిలోను డ్యూటీవారున్నారు. పద్యనాటకపు రిహార్సలు రేకులు కప్పిన ఒక గదిలో సాగుచున్న తీరు చూడదగినది. గోడమేకునకు హెల్మెట్టు, దాని ప్రక్క టిఫిన్ క్యారియరు, నేలపై చాప, బెలోసుకు అతుకు వేసిన హార్మోనియము. అర్జునుడు బి షిఫ్టులో నున్న వారమున కృష్ణుడు ఒంటరిగా ఉత్తరప్రత్యుత్తరములు రెండును తానే చదువుకొనును. వారము మారి అర్జునుడు వచ్చునప్పటికి కృష్ణుడు నైటులో పడును. అట్టి వాడు డ్యూటీ దిగి నేరుగా వచ్చినచో పడకసీనులో నటింపవలసిన పని యుండదు; మేల్కొల్పుటకు మాత్రము దుర్యోధనుడును అర్జునుడును ఇద్దరును చాలరు. అయినను వీరు మానలేదు. రాగము గట్టిగా తీయవలసిన పద్యము వచ్చినపుడు ఒకడు లేచి తలుపు వేయును, ప్రక్కయింట నైటు డ్యూటీవాడు పండుకొని యున్నాడని.

పెద్దలకన్న పిల్లల గతి దుస్తరము. క్యాంపు ఇండ్లు ఒక గది, రెండు గదులు. తండ్రి రాత్రి యంతయు మేల్కొని వచ్చి పగలు నిద్రించుచున్న యింట గజ్జె కట్టుకొని తైతై యనుట యే బాలికకు సాధ్యము? వీణ మీటుట కెవ్వరు సాహసింతురు? తల్లి గిన్నెను సైతము చప్పుడు కాకుండ పెట్టు ఇల్లది. ఈ పిల్లలు ఏడాదికొకసారి అలంకరించుకొని పందిరి యెక్కి అయిదు నిమిషములు ఆడగా మనము చప్పట్లు కొట్టుదుము. తక్కిన మూడువందల అరువదినాలుగు దినములు వారు ఎచ్చట ఆడిరో యడుగము. కావున క్యాంపు రెండులో తెలుగువారికి కళాకేంద్రమొకటి కావలయునని పెద్దలు తలచుచో, మొదట కట్టవలసినది వేదిక కాదు, పగలంతయు తెరచియుండు నాలుగు గోడల సాధనగది. వేదిక లేకున్నను పందిరి వేసికొందుము. గదిని పందిరిగా వేసికొనలేము. అందులో ఒక హార్మోనియము, ఒక మృదంగము, ఒక అద్దము, తాళముచెవి ఉంచుకొను ఒక రిటైరైన పెద్దమనిషి. షామియానాకును, లైటింగునకును, పొరుగూరి ఆర్కెస్ట్రాకును ఒక్క రాత్రిలో పోయు సొమ్ముతో ఈ గదిని ఎంతకాలము నడుపవచ్చునో కోశాధికారులే లెక్క కట్టవలయును.

ఆర్కెస్ట్రాను గూర్చి యొక్క మాట. విశాఖనుండి వచ్చి సినిమాపాటలు పాడువారిపై నాకు ద్వేషము లేదు, నేనును కూర్చుండి వినువాడనే. కాని వారు వచ్చినరాత్రి మన వీథి పిల్లలు ప్రేక్షకులు, రానిరాత్రి కూడ ప్రేక్షకులే. ఇంతకన్న విస్తరించుట అనవసరము.

ఈ యేటి కార్యక్రమమును కూర్చుటకు కమిటీలు త్వరలో సమావేశమగును. పంచాంగమును ముందు పెట్టుకొని ముహూర్తము చూచుట పెద్దలకు అలవాటు. దాని ప్రక్క షిఫ్టు చార్టును కూడ పరచుకొనవలసినదని నా మనవి. నవంబరు 1వ తేదీకైన ఉదయము పది గంటల ఆట యొకటి, సాయంత్రపు ఆట యొకటి యని రెండు వేళలు పెట్టి చూతురు గాక. ఉదయపు ఆటకు పదిమందియే వచ్చిరనుకొందము. జముకుల కథకు పదిమంది చాలుదురు, పాండవానీకి రాగీ యొక్కడున్నను కథ నడచును. ఇందొక లాభమును కలదు. ఆ వేళకు ముఖ్య అతిథులు దొరకుట దుర్లభము గనుక, శాలువలు కప్పుటలో గడచు గంటన్నరయు కళాకారులకే దక్కును. నడుమ నున్న మెత్తని కుర్చీ ఖాళీగా నుండుట బాగుండదని తోచినచో, సి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవానిని అందు కూర్చుండబెట్టి, ఒక కప్పు టీ ఇచ్చి, తెర తీయుడు. వాడు నిద్రపోయినచో నేరము వానిది కాదు, ఆటదే.

— పాంథుడు